తేలిక చక్రాలు... బరువైన లెక్కలు

సైకిలు కొని ఆర్నెల్లు కాకముందే 'ఇంకో జత చక్రాలు కావాలి' అంటారు కొందరు. 'ఉన్నవి బాగానే తిరుగుతున్నాయిగా' అంటారు ఇంట్లోవాళ్లు. 'తిరుగుతున్నాయి కానీ బరువు' అని జవాబు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎవరి మాటలో ఎంతుందో తేలాలంటే కాస్త లెక్క వేయాల్సిందే!

పాల క్యాన్లు, బియ్యం బస్తా, ముందు కడ్డీ మీద పిల్లాడు, వెనక క్యారేజీ మీద ఇల్లాలు... ఇంత బరువునీ ఏళ్ల తరబడి మోసిన మన నల్ల సైకిలు చక్రాలకు పుల్లలు ఎన్నుంటాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ముందు చక్రానికి 32, వెనకదానికి 40. దానికి తోడు స్టీలు రిమ్ము, లావుపాటి టైరు. బరువెక్కువే కానీ, చెప్పిన మాట వింటుంది.

ఇప్పుడు తెల్లారగట్ల హెల్మెట్లు పెట్టుకుని దూసుకుపోయే రోడ్డు సైకిళ్లను చూడండి. చాలావాటికి పుల్లలు ఇరవై నుంచి ఇరవై ఎనిమిదే. రిమ్ము అల్యూమినియం, లేదంటే కార్బన్. కంపెనీ సైకిలుతో పాటు ఇచ్చే మామూలు జత ఇంచుమించు 1,900 నుంచి 2,000 గ్రాములు తూగుతుంది. టైర్లు, ట్యూబులు కలపకుండానే సుమా. సైకిలు ధర అందుబాటులో ఉంచడానికి కంపెనీలు ఎక్కువగా పొదుపు చేసేది ఇక్కడే. అందుకే సైకిలు పిచ్చి ముదిరినవారి కన్ను ముందుగా పడేదీ ఇక్కడే. 1,500 గ్రాముల మంచి అల్యూమినియం జతకు పాతిక, ముప్ఫై వేలు. కార్బన్ కావాలంటే యాభై వేల దగ్గర మొదలై లక్ష దాటినా ఆగదు.

ఇంతకీ ఆ డబ్బుతో కొంటున్నది ఏమిటి? నాలుగైదు వందల గ్రాముల తగ్గుదల. అది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో ముందే తెలుసుకుంటే చాలామందికి చాలా డబ్బు మిగులుతుంది.

నాలుగు వందల గ్రాముల కథ

ఒక మనిషి డెబ్బై కిలోలు, సైకిలు తొమ్మిది, మంచినీళ్లూ సామానూ కలిపి ఒకటి... మొత్తం ఎనభై కిలోలు అనుకుందాం. అందులో నాలుగు వందల గ్రాములంటే అర శాతం. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు శ్రమలో ఎక్కువ భాగం బరువును పైకి లాగడానికే పోతుంది కాబట్టి, కాలంలోనూ మిగిలేది మహా అయితే అర శాతమే. వికారాబాద్ దగ్గరి అనంతగిరి అయినా, అరకు దారిలోని అనంతగిరి అయినా లెక్క మారదు. గంటసేపు ఎక్కాల్సిన ఘాట్‌లో కలిసొచ్చేది పద్దెనిమిది సెకన్లు!

పోటీలో ఉన్నవారికి పద్దెనిమిది సెకన్లంటే గెలుపోటముల తేడా. ఆదివారం పొద్దున స్నేహితులతో వెళ్లి పైన టీ తాగి వచ్చేవారికి... టీ కాస్త ముందుగా అందుతుంది.

'తిరిగే బరువు వేరు, కూర్చున్న బరువు వేరు' అని సైకిలు దుకాణాల్లో తరచూ వినపడే మాట. అది అబద్ధం కాదు. చక్రం ముందుకు పోవడంతో పాటు తన చుట్టూ తాను తిరగాలి కూడా. అందుకే అంచున ఉన్న గ్రాము... అంటే రిమ్ములోదో టైరులోదో... వేగం అందుకునేటప్పుడు దాదాపు రెండు గ్రాములతో సమానం. మధ్యలో హబ్బు దగ్గరున్న గ్రాము మాత్రం ఒక గ్రామే. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరినప్పుడు, పోటీలో ముందువాడు ఒక్కసారిగా ఊపందుకున్నప్పుడు తేలిక రిమ్ము 'చటుక్కున కదిలింది' అనిపించేది ఇందుకే. అయితే ఈ రెట్టింపు లెక్క వేగం పెరిగేటప్పుడే. ఒకే వేగంతో సాగిపోతున్నప్పుడు, నిదానంగా ఘాట్ ఎక్కుతున్నప్పుడు గ్రాము గ్రామే.

బరువా... గాలా?

మరి చదునైన రోడ్డు మీద? అక్కడ అసలు శత్రువు బరువు కాదు, గాలి. వేగం రెట్టింపైతే గాలిని చీల్చుకుపోవడానికి కావాల్సిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. గంటకు ముప్ఫై కిలోమీటర్లు దాటాక కాళ్లు పెట్టే శ్రమలో సింహభాగం గాలికే పోతుంది. అందులోనూ ఎక్కువ వాటా తొక్కే మనిషి శరీరానిదే. కాస్త వంగి, మోచేతులు దగ్గరగా పెట్టుకుని తొక్కడం పైసా ఖర్చులేని విద్య!

ఈ విషయం సైకిలు చరిత్రలో ఒకసారి గట్టిగా రుజువైంది. 1972లో బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ మెక్సికో సిటీలో గంటకు 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టాడు. అందుకోసం వాడిన సైకిలును వీలైన ప్రతిచోటా చెక్కి, తొలిచి ఆరు కిలోల లోపునకు తెచ్చారు. పన్నెండేళ్లు ఆ రికార్డు చెక్కుచెదరలేదు. 1984లో ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో మోజర్ అదే ఊళ్లో దాన్ని బద్దలుకొట్టి 51 కిలోమీటర్లు దాటాడు. ఆయన నమ్ముకుంది తేలికదనాన్ని కాదు. పుల్లలే లేకుండా పళ్లెంలా మూసి ఉన్న చక్రాలను. బరువు పెరిగింది, గాలి అడ్డు తగ్గింది, వేగం పెరిగింది.

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అయితే పోటీ సైకిలు 6.8 కిలోల కన్నా తేలిగ్గా ఉండకూడదని 2000లోనే గీత గీసేసింది. తేలిక మోజులో పడి సైకిలు బలాన్ని బలిపెట్టకూడదనే!

ముందు టైరు... తర్వాతే చక్రం

దుకాణంలో సాధారణంగా చెప్పని మాట ఒకటుంది. ఆ నాలుగు వందల గ్రాములూ చక్రాలు మార్చకుండానే తగ్గించుకోవచ్చు.

ఎలాగంటారా? సైకిలుతో వచ్చే చవక టైరు అంచుల్లో ఇనుప తీగ ఉంటుంది. ఒక్కొక్కటి 350 గ్రాముల పైమాటే. మడత పెట్టగలిగే మంచి టైరు 230 గ్రాములకు అటూ ఇటూ. మామూలు రబ్బరు ట్యూబు వంద గ్రాములు దాటితే, టీపీయూ అనే పలచటి ప్లాస్టిక్ రకం ట్యూబు నలభై లోపే. రెండు టైర్లు, రెండు ట్యూబులు మార్చేసరికి నాలుగు వందల గ్రాములు పోయినట్టే. అదీ చక్రం చిట్టచివరి అంచున, అంటే తగ్గిన గ్రాముకు ఎక్కువ విలువ ఉన్నచోట. ఖర్చు తేలిక చక్రాల ధరలో మూడో వంతో, ఇంకా తక్కువో.

ఇంకో లాభం కూడా. చవక టైరు రోడ్డును పట్టుకుని లాగుతుంది. మంచి టైరు జారిపోతున్నట్టు దొర్లుతుంది. ఈ తేడా రెండు టైర్లకూ కలిపి పది వాట్లకు పైగానే ఉండొచ్చు. మామూలు మనిషి నిలకడగా తొక్కగలిగేది నూటయాభై వాట్లనుకుంటే పది వాట్లు తక్కువేం కాదు. ఒక జాగ్రత్త... టీపీయూ ట్యూబుల్లో కొన్ని రకాలు రిమ్మును పట్టి ఆపే బ్రేకుల వేడికి తట్టుకోవు. ప్యాకెట్ మీద చూసి కొనాలి.

ఘాట్ ఎక్కలేక ఇబ్బంది పడుతున్నవారికి మరో చిట్కా. వెనక పళ్లచక్రాల గుత్తిని క్యాసెట్ అంటారు. అందులో పెద్దది 28 పళ్లది ఉంటే, 34 పళ్లదానికి మారండి. ముందు 34 పళ్ల చక్రం మీద గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో ఎక్కుతుంటే పాతదానితో నిమిషానికి 52 సార్లు తొక్కాలి, అదీ బరువుగా. కొత్తదానితో 63 సార్లు, తేలిగ్గా. మోకాళ్లకు తెలిసే తేడా ఇది. గేరు మార్చే వెనక డిరైల్యూర్ అంత పెద్ద పళ్లచక్రాన్ని అందుకోగలదో లేదో మాత్రం మెకానిక్‌ని అడగాలి.

మరి రెండో జత ఎవరికి?

ఇంత చెప్పాక రెండో జతే దండగ అనుకోనక్కర్లేదు. అది ఎందుకన్నదానికి సూటిగా జవాబుంటే కొనొచ్చు.

అసలు చక్రాలు మార్చుకోవడం సైక్లిస్టులకు కొత్త కాదు. 1937 వరకూ టూర్ డి ఫ్రాన్స్‌లో డిరైల్యూర్ వాడటానికి అనుమతే లేదు. వెనక చక్రానికి రెండు పక్కలా వేర్వేరు పళ్లచక్రాలుండేవి. కొండ వస్తే దిగడం, చక్రం విప్పి తిప్పి బిగించడం, మళ్లీ ఎక్కడం. ఆ బాధలోంచే ఇటలీ సైక్లిస్టు తుల్లియో కంపాన్యోలో మీట తిప్పితే ఊడొచ్చే 'క్విక్ రిలీజ్' 1930లో వచ్చింది. స్పానర్ లేకుండా అర నిమిషంలో చక్రం మార్చగలగడం ఆయన చలవే.

ఇవాళ రెండో జత బాగా ఉపయోగపడేది ముగ్గురికి. పోటీలకు వెళ్లేవారు ఒకరు. పాత జతతో రోజూ సాధన, తేలిక జతతో పోటీ. రెండోది, ఒకే సైకిలును రెండు రకాల దారుల్లో వాడేవారు. ఒక జతకు తారు రోడ్డు టైర్లు, ఇంకో జతకు మట్టిదారుల్లో పోయే వెడల్పు టైర్లు వేసుకుంటే రెండో సైకిలు కొనే పని తప్పుతుంది. మూడోది, వానాకాలంలోనూ తొక్కడం మాననివారు. రిమ్ము బ్రేకులున్న సైకిలుకు వానలో బురద, ఇసుక కలిసి రిమ్మును సానపట్టినట్టు అరగదీస్తాయి. ఆ అరుగుదల పాత జతకు వదిలేసి, మంచి జతను పొడి రోజులకు దాచుకోవచ్చు.

రెండు వందలు, మూడు వందల కిలోమీటర్ల దూరపు సవారీలకు వెళ్లేవారి సంగతి వేరు. రెండు వందల కిలోమీటర్ల బ్రెవేకు గడువు పదమూడున్నర గంటలు. సగటున గంటకు పదిహేను కిలోమీటర్లు కూడా అక్కర్లేదు. అక్కడ గెలిపించేది తేలిక చక్రం కాదు... అర్ధరాత్రి హైవే మీద పుల్ల విరక్కుండా ఇంటికి చేర్చే చక్రం.

పుల్లలెన్ని? మోసేదెంత?

సైకిలు చక్రం బండిచక్రంలా పుల్లల మీద నిలబడదు. లాగి కట్టిన పుల్లల బిగువుతో నిలబడుతుంది. ఒక పుల్ల తెగితే మిగతావాటి బిగువు ఒకవైపు లాగేసి రిమ్ము వంకరపోతుంది. ముప్ఫై రెండు పుల్లల చక్రంలో ఒకటి తెగితే బ్రేకు కాస్త వదులు చేసుకుని మెల్లగా ఇల్లు చేరొచ్చు. ఇరవై పుల్లల చక్రంలో తెగితే రిమ్ము ఫోర్కుకో ఫ్రేముకో రాసుకుంటుంది. ఆటో పిలవాల్సిందే.

కాబట్టి గ్రాముల కన్నా ముందు చూడాల్సింది బరువు పరిమితి. ఏ కంపెనీ అయినా చక్రాలకు ఇంత బరువు దాటకూడదని రాస్తుంది. అది మనిషి ఒక్కడి బరువా, సైకిలూ సామానూ కలిపా అన్నది గమనించాలి. పరిమితి వంద కిలోలు కలిపి అయితే, తొంభై కిలోల మనిషికి మిగిలేది పది కిలోలే. సైకిలుతోనే సరి! హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ లాంటి నున్నటి దారి మీద ఏ చక్రమైనా పరుగెడుతుంది. ఆ ట్రాక్ దాకా వెళ్లాలంటే మాత్రం గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, మ్యాన్‌హోల్ మూతలు దాటాలి. పరీక్ష అక్కడే.

ఎనభై కిలోలు దాటినవారు, మామూలు రోడ్ల మీద తొక్కేవారు ముందు 24, వెనక 28 పుల్లలకు తగ్గకుండా చూసుకుంటే నిశ్చింత. వెనక చక్రం మీదే ఎక్కువ భారం కాబట్టి అక్కడ పొదుపు వద్దు. పుల్ల తల వంపు తిరిగి ఉండే మామూలు రకమైతే మంచిది. మన ఊళ్లో దొరుకుతుంది, ఏ మంచి మెకానిక్ అయినా వేస్తాడు. కొన్ని కంపెనీల పుల్లలు వాటి చక్రాలకే ప్రత్యేకం. ఒకటి తెగితే వారాల తరబడి ఎదురుచూపే. అలాంటివి కొంటే చక్రంతో పాటే నాలుగు పుల్లలు అడిగి తెచ్చుకోవాలి.

దిగేటప్పుడు తెలుస్తుంది

ఎక్కేటప్పుడు పద్దెనిమిది సెకన్లు ఇచ్చిన చక్రం, దిగేటప్పుడు ఏం చేస్తుందన్నది అసలు ప్రశ్న. మనిషీ సైకిలూ కలిపి ఎనభై కిలోలు ఏడు వందల మీటర్ల ఎత్తు నుంచి దిగితే వెలువడే శక్తి లీటరున్నర నీళ్లను మరిగించడానికి సరిపోతుంది! కొంత గాలికి పోతుంది, మిగతాదంతా బ్రేకులే మింగాలి.

డిస్క్ బ్రేకులుంటే ఆ వేడి రేకు బిళ్లకు పోతుంది, రిమ్ముకు తగలదు. రిమ్ము బ్రేకులైతే వేడంతా రిమ్ముదే. అల్యూమినియం దాన్ని త్వరగా వదిలించుకుంటుంది. కార్బన్ అలా వదలదు. ఎడతెగకుండా బ్రేకు పట్టి ఉంచితే పొరల్ని అతికించిన జిగురు మెత్తబడి రిమ్ము చెడే ప్రమాదం ఉంది. అందుకే రిమ్ము బ్రేకుల సైకిలుతో ఘాట్లు దిగేవారికి అల్యూమినియమే మేలు. కార్బనే కావాలనుకుంటే కంపెనీ చెప్పిన బ్రేకు ప్యాడ్లే వాడాలి. పట్టి వదులుతూ దిగాలి. ఊరూ పేరూ లేని చవక కార్బన్ జోలికి పోకపోవడం అన్నిటికన్నా ముఖ్యం. సైకిళ్ల భద్రతకు ఐఎస్‌వో 4210 అనే ప్రమాణం ఉంది. అందులోని పరీక్షలు చేశారా, వారంటీ ఎవరిస్తారు, పాడైతే ఎక్కడికి తీసుకెళ్లాలి... ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ధర ఎంత తక్కువైనా వదిలేయాలి.

మన సైకిలుకు పడుతుందా?

డబ్బులు కట్టాక 'ఇది పట్టదండీ' అనిపించుకోకూడదంటే ఇవి చూసుకోవాలి.

బ్రేకు: రిమ్ముదా, డిస్కుదా? డిస్క్ అయితే బిళ్ల ఆరు బోల్టులతో బిగించేదా, మధ్యలో ఒకే రింగుతో బిగించేదా?

ఇరుసు: రిమ్ము బ్రేకుల రోడ్డు సైకిళ్లలో సాధారణంగా ముందు 100, వెనక 130 మిల్లీమీటర్ల హబ్బులు, క్విక్ రిలీజ్ మీట ఉంటాయి. ఇప్పటి డిస్క్ సైకిళ్లలో ఎక్కువగా ముందు 100, వెనక 142 మిల్లీమీటర్లతో 12 మిల్లీమీటర్ల లావు ఇరుసు వస్తోంది. ఒకదానివి ఇంకోదానికి పట్టవు.

క్యాసెట్ కూర్చునే భాగం: షిమానో, శ్రామ్, కంపాన్యోలో... ఎవరి పద్ధతి వారిది. షిమానో పదకొండు గేర్ల రోడ్డు హబ్బు మీద పది గేర్ల క్యాసెట్ పెట్టాలంటే 1.85 మిల్లీమీటర్ల రింగు అదనంగా వేయాలి.

రిమ్ము వెడల్పు: రెండు జతలదీ ఒకటే అయితే చక్రం మార్చినప్పుడల్లా బ్రేకు సర్దే పని ఉండదు. మరీ వెడల్పయితే టైరు ఫ్రేముకు తగలొచ్చు.

హుక్‌లెస్ రకమా?: ఈ రిమ్ముల్లో టైరు అంచును పట్టే కొక్కెం ఉండదు. వాటికి సరిపడతాయని రాసి ఉన్న టైర్లే వేయాలి. గాలి 5 బార్లు, అంటే సుమారు 72 పీఎస్ఐ మించకూడదు. అలవాటు కొద్దీ వంద కొట్టించామంటే ప్రమాదాన్ని పిలిచినట్టే.

బిల్లులో కనపడనివి

చక్రాల ధర చక్రాలదే. టైర్లు, ట్యూబులు, క్యాసెట్, డిస్క్ బిళ్లలు వేరు. ప్రతిసారీ పాత జత నుంచి విప్పి కొత్త జతకు బిగించుకుంటే 'అర నిమిషంలో మార్పు' కాస్తా అరగంట పని అవుతుంది. అందుకే రెండో జతకు ఇవన్నీ విడిగా కొనాల్సి వస్తుంది. ముప్ఫై వేల చక్రాలు రోడ్డెక్కేసరికి నలభై దాటడం మామూలే. పాత చైను బాగా సాగిపోయి ఉంటే కొత్త క్యాసెట్ మీద జారుతుంది కాబట్టి దాన్నీ మార్చాలి. కాస్త ఊరట ఏమిటంటే సైకిళ్లు, విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతమే. విదేశాల నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం అదనం.

కాగితం మీది బరువునూ గుడ్డిగా నమ్మొద్దు. చాలా కంపెనీలు రిమ్ము పట్టీ, క్విక్ రిలీజ్ మీటలు కలపకుండా తూచి రాస్తాయి. దుకాణంలో తక్కెడ ఉంటుంది. మొహమాటపడకుండా తూయించాలి.

తెచ్చిన కొత్త చక్రాలతో ఒకేసారి ఘాట్‌కు పరుగెత్తకూడదు. కొత్త పుల్లలు కుదురుకోవడానికి కొంత దూరం కావాలి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మెకానిక్‌కి చూపించి పుల్లల బిగువు సరిచేయించి, బెండు తీయించాలి. ప్రయాణానికి ముందు సైకిలు పైకెత్తి చక్రాన్ని ఒకసారి తిప్పి చూడటం, మీట బిగిసిందో లేదో చూడటం నిమిషం పని. అల్యూమినియం రిమ్ము బ్రేకు చక్రమైతే రిమ్ము మీద అరుగుదల తెలిపే చిన్న గుంతో గీతో ఉంటుంది. అది మాయమైన రోజు ఆ చక్రానికి సెలవు ఇచ్చేయాలి.

మొత్తమ్మీద వరస ఇదీ... ముందు మంచి టైర్లు, తర్వాత సరైన గేర్లు, ఆ తర్వాత వంగి తొక్కే అలవాటు. ఇవన్నీ అయ్యాక కూడా పాత జతతో తీరని అవసరం ఏదో ఉంటే అప్పుడు రెండో జత. అదీ మన బరువును, మన రోడ్డును మోయగలిగేది. లేదంటే తేలికయ్యేది చక్రం కాదు... జేబు!